ఎనిమిది, తొమ్మిది లేని చందా సంఖ్య

ఫోన్ ద్వారా ఇళ్లకు కంప్యూటర్ సేవలు అందించిన అమెరికా సంస్థ కంప్యూసర్వ్ చందాదారుల సంఖ్యల్లో 8, 9 అంకెలు ఎందుకు కనబడవని, 1980లలో అమెరికాలో ఉద్యోగం చేసి వచ్చిన ఒక పాఠకుడు అడిగారు. తన సంఖ్యలోనే కాక, అప్పటి మిత్రులెవరి సంఖ్యలోనూ ఆ రెండు అంకెలూ లేవట. ఆయన గమనించినది నిజమే. మన దగ్గర బండి నంబరులో ఎనిమిది పడకూడదనేవారూ, 9999 కోసం రవాణా శాఖ వేలంలో లక్షలు కుమ్మరించేవారూ ఉన్నారు గానీ, ఒహాయో రాష్ట్రం కొలంబస్ నగరంలో పుట్టిన ఆ సంస్థకు అంకెల మీద అటువంటి పట్టింపేమీ లేదు. అసలు కారణం వారు వాడిన యంత్రంలో ఉంది.

1969లో మొదలైన కంప్యూసర్వ్ కంప్యూటర్ కాలాన్ని అద్దెకిచ్చే సంస్థ. పగలంతా కంపెనీల పనులు చేసే దాని పీడీపీ-10 యంత్రాలు రాత్రివేళ ఖాళీగా ఉండేవి కనుక, ఆ ఖాళీ సమయాన్ని ఇళ్లలో చిన్న కంప్యూటర్లు ఉన్నవారికి గంటల లెక్కన అమ్మడానికి 1979లో మైక్రోనెట్ అనే సేవను ప్రారంభించారు. చేరదలచినవారు రేడియో షాక్ వంటి దుకాణంలో ఒక పెట్టె కొనుక్కుంటే, చందా సంఖ్య, తొలి పాస్‌వర్డ్ అందులోనే ఉండేవి. కంప్యూటర్‌ను ఫోన్ లైనుకు జతచేసే మోడెమ్ ద్వారా ఫోన్ కలిపాక తెర మీద ముందుగా ‘హోస్ట్ నేమ్’ అని వచ్చేది. దానికి ‘సీఐఎస్’ (కంప్యూసర్వ్ ఇన్ఫర్మేషన్ సర్వీస్) అని కొడితే ‘యూజర్ ఐడీ’, ఆ తరువాత పాస్‌వర్డ్ అడిగేది. పాస్‌వర్డ్ అంటే ఒకదానితో ఒకటి పొంతన లేని రెండు ఇంగ్లీషు మాటలు, వాటి మధ్య ఒక గుర్తు. సెకనుకు 300 బిట్లు, అంటే 300 సున్నాలో ఒకట్లో, పంపే మోడెమ్‌లో ఒక్కొక్క అక్షరానికి పది బిట్లు ఖర్చవుతాయి కాబట్టి, 80 అక్షరాల వరుసలు 24 ఉన్న తెర నిండడానికి 64 సెకన్లు పట్టేది. అంతసేపూ గంటల లెక్క నడుస్తూనే ఉండేది.

యూజర్ ఐడీ దగ్గర కొట్టవలసినది 7తో మొదలయ్యే ఐదంకెల సంఖ్య, ఒక కామా, మరో మూడు నాలుగు అంకెలు. కథంతా ఆ కామాలోనే ఉంది.

పీడీపీ-10 జ్ఞాపకశక్తిలో ఒక్కొక్క గదిని ‘వర్డ్’ అంటారు. అందులో 36 బిట్లు పడతాయి. ఒక గది చిరునామాకు 18 బిట్లు చాలు, వాటితో 2,62,144 గదులను గుర్తించవచ్చు. అంటే ఒకే గదిలో రెండు చిరునామాలు పక్కపక్కన ఇముడుతాయి. ఈ సగాలకు రూపకర్తలు ఎంత ప్రాధాన్యం ఇచ్చారంటే, కుడి ఎడమ సగాలను అటూ ఇటూ కదపడానికే ప్రత్యేకంగా 64 ఆదేశాలు పెట్టారు. వాడుకరిని గుర్తించడానికి కూడా ఒక గదినే కేటాయించి, ఎడమ సగంలో ప్రాజెక్టు సంఖ్యను, కుడి సగంలో ప్రోగ్రామర్ సంఖ్యను ఉంచారు. ఎవరైనా ఒక ఫైలు తెరవబోతే, రెండు సగాలూ సరిపోతే సొంతదారు, ఎడమ సగం మాత్రమే సరిపోతే అదే ప్రాజెక్టువారు, లేదంటే బయటివారు. చందాదారు కొట్టిన కామా ఆ రెండు సగాల సరిహద్దు.

ఇక అంకెల సంగతి. మూడు బిట్లతో 0 నుంచి 7 వరకు ఎనిమిది విలువలే రాయగలం, కనుక 18 బిట్ల సగం సరిగ్గా ఆరు ఆక్టల్ అంకెలవుతుంది. ఆక్టల్ అంటే 0 నుంచి 7 వరకు ఎనిమిది అంకెలతోనే లెక్క రాసే పద్ధతి. పాత పద్దు పుస్తకాల్లో రూపాయలు, అణాలు, పైసలు వేర్వేరు నిలువు వరుసల్లో రాసేవారు. అణాల వరుసలో 15 దాకా ఉండేది గానీ 16 ఎన్నడూ ఉండేది కాదు, పదహారో అణా చేరగానే రూపాయల వరుసలో ఒకటి పెరిగి అణాల వరుసలో సున్నా పడేది. ఆక్టల్‌లో ప్రతి స్థానమూ అలాగే ఏడు దాటగానే ఎడమకు ఒకటి అందిస్తుంది. చందా సంఖ్యలోని రెండు సగాలనూ ఆక్టల్‌లోనే రాసేవారు కనుక అందులో 8, 9 రావు. మరి అంకెకు నాలుగేసి బిట్లు, పదహారు విలువలు ఉండే హెక్సాడెసిమల్ పద్ధతి ఎందుకు వాడలేదంటే, 36 బిట్లు తొమ్మిది అంకెలుగా తెగుతాయి గానీ, నడుమనున్న ఐదో అంకె రెండు సగాల మీదా చెరో కాలూ వేసి నిలబడుతుంది. మన తరగతుల్లో ఆక్టల్‌ను వట్టి మార్పిడి లెక్కగా చెప్పి వదిలేస్తారు. ఈ ఒక్క గదిని నల్లబల్ల మీద గీసి చూపిస్తే చాలు.

ఆ యంత్రంలో అక్షరానికి ఆరు బిట్లు చొప్పున గదికి ఆరు అక్షరాలు పట్టడం వల్ల ఫైలు పేరుకు ఆరు అక్షరాలు, సగం గదిలో పట్టే పొడిగింపుకు (ఎక్స్‌టెన్షన్) మూడక్షరాలు దక్కాయి. కంప్యూసర్వ్‌లో ‘గ్రంథాలయాలు’ అనే ఫైళ్ల నిల్వల్లో చందాదారులు పెట్టే ఫైళ్లకూ అదే కొలత ఉండేది.

కామా అక్కడ ఎంత సహజమో ఇంటర్నెట్ మెయిల్‌లో అంత చిక్కు తెచ్చింది. ఇంటర్నెట్ చిరునామాల జాబితాలో ఒకరి నుంచి మరొకరిని వేరు చేసేది కామాయే కాబట్టి, బయటి నుంచి ఉత్తరం రాసేవారు చందా సంఖ్యలోని కామాను చుక్కగా మార్చి రాయవలసి వచ్చేది. 1990లలో 100తో మొదలయ్యే ఆరంకెల సంఖ్యలు వచ్చినప్పుడు, ఎడమ భాగం లక్షకు చేరిందని ఎవరైనా అనుకుని ఉంటే తప్పుపట్టలేం. ఆక్టల్‌లో 77777 తరువాత వచ్చేది 100000, దాని విలువ మన లెక్కలో 32,768 మాత్రమే.