ఒకే బల్ల, ఎవరి చట్టం వాళ్లది: యూరప్ యూనివర్సిటీ కూటముల పాలన వెనుక కథ

ప్రాగ్‌లోని చార్లెస్ యూనివర్సిటీకి రెక్టర్ ఎవరో తేల్చేది అక్కడి సెనేట్. ఆ సెనేట్‌లో కనీసం మూడో వంతు, మహా అయితే సగం సీట్లు విద్యార్థులకు ఉండాలని చెక్ చట్టం చెబుతుంది. సెనేట్ పేరు పంపాక దేశాధ్యక్షుడు నియమిస్తాడు. కోపెన్‌హాగెన్‌లో రెక్టర్ పదవికి ఎన్నికే లేదు. బయటివాళ్లు ఎక్కువమంది ఉండే బోర్డు, కంపెనీకి సీఈవోని వెతికినట్టు వెతికి తెచ్చుకుంటుంది. మిలాన్‌లో రెక్టర్ ఆరేళ్లు ఉంటాడు, అదీ ఒక్కసారే. వార్సాలో ఎన్నిక ఉంటుంది, పదవి నాలుగేళ్లు. జెనీవాలో ఆఖరి మాట కాంటన్ (స్విట్జర్లాండ్‌లో రాష్ట్రం లాంటిది) ప్రభుత్వానిది.

(మన దగ్గర రెక్టర్ అంటే వైస్ చాన్సలర్ కింద ఉండే అధికారి. యూరప్‌లో చాలాచోట్ల రెక్టరే అధిపతి. ఈ తేడా గుర్తుంటే మిగతాది తేలికగా అర్థమవుతుంది.)

ఇన్ని రకాలుగా వచ్చిన రెక్టర్లు, హైడెల్‌బర్గ్, సోర్బాన్ లాంటి యూనివర్సిటీల అధిపతులతో కలిసి ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. వాళ్ల కూటమి పేరు 4ఈయూ ప్లస్. యూరోపియన్ యూనియన్ డబ్బుతో నడిచే ఇలాంటి కూటములు 2024 నాటికి 64 అయ్యాయి. 35 దేశాల్లోని 560కి పైగా విద్యాసంస్థలు వాటిలో ఉన్నాయి. ఉమ్మడి కోర్సులు, ఉమ్మడి డిగ్రీల గురించి ప్రకటనలకు కొదవ లేదు. ఆ బల్ల దగ్గర చేసిన తీర్మానానికి ఎవరు కట్టుబడాలి, అక్కడ ప్రొఫెసర్ల మాట ఎంత, విద్యార్థుల మాట ఎంత అన్నది మాత్రం తొలి కూటములు వచ్చినప్పటి నుంచీ నలుగుతూనే ఉంది. ఈ చిక్కు కూటములు పుట్టించింది కాదు. వాటికంటే చాలా పాతది.

యూరప్‌లో యూనివర్సిటీ పుట్టడమే రెండు పద్ధతుల్లో పుట్టింది. 1088ని తన పుట్టిన ఏడాదిగా చెప్పుకునే బొలోన్యాలో విద్యార్థులే సంఘం కట్టుకున్నారు. దూరాల నుంచి న్యాయశాస్త్రం చదవడానికి వచ్చిన, కాస్త వయసున్న, డబ్బున్న విద్యార్థులు వాళ్లు. రెక్టర్‌ని వాళ్లలోంచే ఎన్నుకునేవారు. పాఠం ఆలస్యంగా మొదలుపెట్టిన ప్రొఫెసర్‌కి జరిమానా వేసేవారు. ఊరు దాటి వెళ్లాలంటే ప్రొఫెసర్ వాళ్ల అనుమతి తీసుకోవాలి, తిరిగొస్తానని పూచీగా సొమ్ము కట్టాలి. పారిస్‌లో ఇది తిరగబడింది. అక్కడ సంఘం కట్టుకున్నది పాఠం చెప్పేవాళ్లు. 1231లో పోప్ ఇచ్చిన ఫర్మానా ఆ గురువుల సంఘానికి సొంత నియమాలు రాసుకునే హక్కును ఖాయం చేసింది.

తర్వాతి శతాబ్దాల్లో రాజ్యం వచ్చి రెండింటినీ మింగేసింది. నెపోలియన్ 1806, 1808లలో ఫ్రాన్స్ చదువు మొత్తాన్ని ‘ఇంపీరియల్ యూనివర్సిటీ’ అనే ఒకే సర్కారీ యంత్రాంగం కిందికి తెచ్చాడు. 1810లో బెర్లిన్‌లో ప్రష్యా విద్యాధికారి హంబోల్ట్ తలపెట్టిన యూనివర్సిటీ పరిశోధనా స్వేచ్ఛకు మారుపేరైంది. కానీ ప్రొఫెసర్లను నియమించే అధికారాన్ని ఆయన ప్రభుత్వం చేతిలోనే ఉంచాడు, ప్రొఫెసర్ల ముఠా తగాదాల మీద ఆయనకు నమ్మకం లేక. స్వేచ్ఛకు చిరునామాగా చెప్పుకునే చోట కూడా తాళంచెవి సర్కారు దగ్గరే ఉందన్నమాట. ఈ ముక్క పొగడ్తల్లో సాధారణంగా వినిపించదు.

ఇప్పటి గొడవకు అసలు వేరు మాత్రం 1960ల చివర్లో ఉంది. 1967 నవంబర్‌లో హాంబర్గ్ యూనివర్సిటీలో గౌన్లు వేసుకుని ఊరేగింపుగా వస్తున్న ప్రొఫెసర్ల ముందు ఇద్దరు విద్యార్థులు ఒక బ్యానర్ పట్టుకుని నడిచారు. గౌన్ల కింద వెయ్యేళ్లుగా ముక్కిపోయిన వాసన అని దాని భావం. 1968 మే తర్వాత ఫ్రాన్స్ అదే ఏడాది నవంబర్‌లో ఫోర్ చట్టం తెచ్చి, ఎన్నికైన మండళ్లలో విద్యార్థులకు చోటిచ్చింది. 1969లో ఆమ్‌స్టర్‌డామ్ విద్యార్థులు మాగ్డెన్‌హౌస్ అనే పాలనా భవనాన్ని ఆక్రమించారు. మరుసటి ఏడాదే డచ్ ప్రభుత్వం విద్యార్థులకు, సిబ్బందికి నిజమైన అధికారం ఉన్న మండళ్లు ఇచ్చింది.

జర్మనీలో వ్యవహారం కోర్టుకెక్కింది. ప్రొఫెసర్లు, జూనియర్ అధ్యాపకులు, విద్యార్థులు తలా మూడో వంతు ఓట్లు పంచుకోవాలన్న డిమాండ్ అప్పటికి గట్టిగా ఉంది. లోయర్ సాక్సనీ రాష్ట్ర చట్టం మీద 1973 మే 29న రాజ్యాంగ కోర్టు తీర్పు చెప్పింది. అందరూ మండలిలో కూర్చోవచ్చు, తప్పులేదు. కానీ బోధన సంగతుల్లో ప్రొఫెసర్ల ఓటు సగానికి తగ్గకూడదు, పరిశోధన, నియామకాల్లో సగం దాటాలి. పరిశోధనా స్వేచ్ఛ రాజ్యాంగ హక్కు కాబట్టి ఈ లెక్క మార్చడానికి లేదంది.

ఈ తీర్పును ప్రాగ్ సెనేట్ పక్కన పెట్టి చూడండి. విద్యార్థులకు సగం దాకా సీట్లివ్వడం చెక్ దేశంలో చట్టబద్ధం. పరిశోధన విషయాల్లో ప్రొఫెసర్ల ఆధిక్యం తగ్గితే జర్మనీలో రాజ్యాంగ విరుద్ధం. రెండు దేశాల యూనివర్సిటీలూ ఒకే కూటమిలో ఉన్నప్పుడు ఉమ్మడి మండలికి ఏ లెక్క వాడాలి?

1990ల తర్వాత గాలి ఇంకోవైపు తిరిగింది. నెదర్లాండ్స్ 1997లో మండళ్ల పళ్లు పీకి, అధికారాన్ని పైనున్న బోర్డులకు అప్పగించింది. డెన్మార్క్ 2003 చట్టంతో రెక్టర్ ఎన్నికలకు స్వస్తి చెప్పింది. ఇటలీ 2010లో రెక్టర్ పదవీకాలాన్ని కుదించింది. 2015లో ఆమ్‌స్టర్‌డామ్ విద్యార్థులు మళ్లీ అదే మాగ్డెన్‌హౌస్‌లోకి చొరబడ్డారు, 1970లో చేతికొచ్చి 1997లో జారిపోయిన దానికోసమే. షేర్డ్ గవర్నెన్స్ (అందరూ కలిసి పంచుకునే పాలన) అన్న మాట ప్రాచుర్యంలోకి వచ్చింది అమెరికా నుంచి. అక్కడి ప్రొఫెసర్ల సంఘం, కాలేజీ అధిపతుల, ట్రస్టీల సంఘాలతో కలిసి 1966లో రాసుకున్న ప్రకటన దానికి పునాది. యూరప్‌లో ఆ మాట వాడితే డెన్మార్క్ వాడికి బోర్డు గుర్తొస్తుంది, చెక్ విద్యార్థికి సెనేట్ గుర్తొస్తుంది.

ఇక యూరప్ స్థాయిలో ఉమ్మడి యూనివర్సిటీ కట్టాలన్న ఆలోచన, దాని భంగపాటు. అణుశక్తి సహకారం కోసం చేసుకున్న 1957 యురాటమ్ ఒప్పందంలోనే యూనివర్సిటీ స్థాయి సంస్థ ఒకటి పెట్టాలన్న వాక్యం ఉంది. జర్మన్ నాయకుడు వాల్టర్ హాల్‌స్టైన్ దాని వెనకపడ్డాడు. డిగోల్ ఫ్రాన్స్‌కి బ్రస్సెల్స్‌లోని యూరప్ సంస్థల చేతికి యూనివర్సిటీ ఇవ్వడం ఇష్టం లేదు. జాతీయ యూనివర్సిటీల రెక్టర్లకూ లేదు. నెత్తిమీద ఇంకో పెద్ద యూనివర్సిటీ వచ్చి కూర్చుంటుందని వాళ్ల భయం. 1961లో బాన్ సమావేశంలో సంగతిని ఇటలీకి వదిలేశారు. సాగి సాగి 1972లో ఆరు దేశాలు ఒప్పందం మీద సంతకాలు పెట్టాయి, 1976లో ఫ్లారెన్స్‌లో యూరోపియన్ యూనివర్సిటీ ఇన్‌స్టిట్యూట్ తలుపులు తెరిచింది. అది పరిశోధక విద్యార్థులకే పరిమితమైన చిన్న సంస్థ. మంచి సంస్థే, కానీ అడిగింది కొండ, వచ్చింది గుట్ట.

ఆ అనుభవం తర్వాత రాజకీయ నాయకులు పాలన జోలికి పోకుండా చుట్టుదారి పట్టారు. 1987లో ఎరాస్మస్ అనే విద్యార్థుల మార్పిడి పథకం వచ్చింది. విద్యార్థుల్ని కదిపారు, సంస్థను కదపలేదు. 1988లో బొలోన్యా 900 ఏళ్ల పండగకు 388 మంది యూనివర్సిటీ అధిపతులు స్వయంప్రతిపత్తి పత్రం మీద సంతకాలు చేశారు. 1999 జూన్‌లో అదే ఊళ్లో 29 దేశాల మంత్రులు డిగ్రీల చట్రాన్ని ఒకేలా చేసుకుందామన్నారు. 2004లో మొదలైన ఎరాస్మస్ ముండస్ ఉమ్మడి మాస్టర్స్ మన తెలుగు విద్యార్థులకూ బాగా తెలిసినదే. రెండు మూడు దేశాల్లో చదివి, కొన్ని కోర్సుల్లో రెండు మూడు సర్టిఫికెట్లతో బయటపడటం అప్పట్నుంచీ చూస్తున్నాం. ఒక్క సర్టిఫికెట్ ఇవ్వలేక కాదు, ఒక్కోచోట చట్టం ఒప్పుకోక అన్ని కాగితాలు.

ఇంతలో యూరోపియన్ యూనియన్ ఒప్పందాల్లో ఒక గీత గట్టిపడింది. ఇప్పటి 165వ అధికరణం ప్రకారం చదువు సభ్యదేశాల వ్యవహారం. యూనియన్ ప్రోత్సహించవచ్చు, డబ్బివ్వవచ్చు, చట్టాలను మాత్రం ఒకేలా చేయకూడదు.

2017 సెప్టెంబర్ 26న సోర్బాన్ హాల్లో ఫ్రాన్స్ అధ్యక్షుడు మాక్రాన్ ప్రసంగించింది ఈ గీతకు ఇవతల నిలబడే. 2024 కల్లా కనీసం 20 ‘యూరోపియన్ యూనివర్సిటీలు’ కావాలన్నాడు. డిసెంబర్‌లో సభ్యదేశాల అధినేతలు సరేనన్నారు. ఏడాది తిరక్కుండా దరఖాస్తులకు పిలుపు వచ్చింది. 2019 జూన్‌లో 54 దరఖాస్తుల్లోంచి 17 కూటములు ఎంపికయ్యాయి. మరుసటి ఏడాది ఇంకో 24. ఇరవై అనుకున్నది నలభై దాటింది. ఏ దేశాన్నీ నొప్పించకుండా పంచడం బ్రస్సెల్స్‌కి బాగా అలవాటైన విద్య.

డబ్బు సంగతి చూస్తే పాలన సంగతి సగం తెలుస్తుంది. తొలి విడతలో ఒక్కో కూటమికి మూడేళ్లకు 50 లక్షల యూరోల వరకు, పరిశోధన వైపు నుంచి మరో 20 లక్షల వరకు ఇచ్చారు. ఏడు యూనివర్సిటీలుంటే ఒక్కోదానికి ఏడాదికి మూడు లక్షల చిల్లర. పెద్ద యూనివర్సిటీ బడ్జెట్‌లో అది కనిపించదు కూడా. దానికి బదులుగా అడిగింది మాత్రం భారీగా ఉంది: ఉమ్మడి దీర్ఘకాలిక వ్యూహం, దేశాలు దాటిన క్యాంపస్, సగం మంది విద్యార్థులకు ఏదో ఒక రూపంలో వేరే యూనివర్సిటీలో చదివే వీలు. తర్వాతి విడతల్లో మొత్తం నాలుగేళ్లకు 1.44 కోట్ల యూరోల దాకా పెరిగింది.

ప్రాజెక్టు డబ్బుతో పుట్టినవాటికి ప్రాజెక్టు పోలికలే వచ్చాయి. ఒక యూనివర్సిటీ సమన్వయకర్తగా గ్రాంట్ ఒప్పందం చూసుకుంటుంది. పైన రెక్టర్ల బోర్డు. దాని కింద స్టీరింగ్ కమిటీ, ఇంకా కింద పనుల వారీ బృందాలు, ప్రతి యూనివర్సిటీలో ఒక స్థానిక కార్యాలయం. చాలాచోట్ల విద్యార్థి మండలి ఉంది. కొన్ని కూటముల్లో విద్యార్థులకు పై బోర్డులో ఓటు కూడా ఉంది, ఇంకొన్నిట్లో సలహాతో సరి. ఈ నిర్మాణంలో ఖాళీగా కనిపించేది సెనేట్ కుర్చీ. బోర్డు తీర్మానం ఇంటికి వెళ్లాక సెనేట్ ముందుకు వస్తుంది. అప్పటికి గడువు దగ్గరపడి ఉంటుంది, బ్రస్సెల్స్‌కి మాట ఇచ్చేసి ఉంటారు. కాదంటే కూటమికి చెడ్డపేరు, సరేనంటే సెనేట్ రబ్బరు స్టాంపు. కావాలని ఎవరూ లాక్కోకపోయినా అధికారం అలా రెక్టర్ల వైపు, ప్రాజెక్టు కార్యాలయాల వైపు జారిందని నా అంచనా. నాలుగేళ్లకోసారి రెక్టర్లు మారే చోట ఆ కార్యాలయాలకే జ్ఞాపకశక్తి ఎక్కువ.

ఒక సభ్యుడి ఇంటి పాలన మొత్తం కూటమిని ఎలా తాకుతుందో హంగరీ చూపించింది. 2021లో అక్కడి ప్రభుత్వం చాలా యూనివర్సిటీలను ట్రస్టు ఫౌండేషన్ల చేతికి అప్పగించింది. ఆ ట్రస్టుల బోర్డుల్లో మంత్రులు, అధికార పార్టీకి దగ్గరివాళ్లు కూర్చున్నారు. 2022 డిసెంబర్ 15న యూరోపియన్ యూనియన్ మండలి అలాంటి ట్రస్టులతో కొత్త నిధుల ఒప్పందాలు వద్దని నిర్ణయించింది. ఎరాస్మస్ నిధులు, పరిశోధన నిధులు రెండింటికీ దెబ్బ తగిలింది. సెగెడ్, పేచ్, బుడాపెస్ట్‌లోని సెమ్మెల్‌వైస్ యూనివర్సిటీలు అప్పటికే వేర్వేరు కూటముల్లో ఉన్నాయి. బుడాపెస్ట్‌లోనే ఉన్నా ట్రస్టు కిందికి వెళ్లని ఎల్టే యూనివర్సిటీకి ఈ ఇబ్బంది రాలేదు. పక్కింటి బోర్డులో ఎవరు కూర్చున్నారన్నది తమ ప్రాజెక్టుకి సంబంధించిన విషయమని మిగతా భాగస్వాములకు అప్పుడు తెలిసొచ్చింది. చేరేటప్పుడు ఆ ప్రశ్న అడగడం మర్యాద కాదనుకున్నట్టున్నారు.

కూటమికి సొంతంగా చట్టబద్ధమైన హోదా ఉంటే కొంత నయమన్న వాదన 2022 జనవరిలో యూరోపియన్ కమిషన్ వ్యూహపత్రంలోకి ఎక్కింది. యూరప్ స్థాయి హోదా సంగతి పరీక్షించడానికి నాలుగు పైలట్ ప్రాజెక్టులు, ఉమ్మడి డిగ్రీ ముద్ర కోసం ఆరు నడిచాయి. 2024 మార్చిలో కమిషన్ యూరోపియన్ డిగ్రీకి నమూనా ప్రతిపాదించింది. డిగ్రీ కథ అలా కాస్త ముందుకెళ్లింది. హోదా కథ వెనకబడింది, ఎందుకంటే 165వ అధికరణం గీత అక్కడే ఉంది.

ఈలోగా ఎవరికి దొరికిన చొక్కా వాళ్లు తొడుక్కున్నారు. బాజెల్, ఫ్రైబర్గ్, స్ట్రాస్‌బర్గ్, ఓట్-అల్సాస్ యూనివర్సిటీలు, కార్ల్స్‌రూ ఇన్‌స్టిట్యూట్ కలిసి 1989లో కట్టుకున్న యూకార్ కూటమి, 2015లో సరిహద్దు ప్రాంతాల సహకారం కోసం చేసిన 2006 నాటి యూరోపియన్ నిబంధన కింద నమోదైంది. పక్కపక్క జిల్లాలు బస్సులు, ఆసుపత్రులు పంచుకోవడానికి పనికొచ్చే నిబంధన అది. యూనా యూరోపా అనే ఇంకో కూటమి బెల్జియం చట్టం కింద లాభాపేక్ష లేని సంఘమైంది. 4ఈయూ ప్లస్ వాళ్లు హైడెల్‌బర్గ్‌లో జర్మన్ చట్టం కింద రిజిస్టర్డ్ సంఘం పెట్టుకున్నారు. జర్మనీలో ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు, పాటల బృందం రిజిస్టర్ చేసుకునేదీ ఆ చట్టం కిందే. సంఘం ఉద్యోగిని పెట్టుకోవచ్చు, బ్యాంకు ఖాతా తెరవచ్చు, ఆఫీసు అద్దెకు తీసుకోవచ్చు. డిగ్రీ ఇవ్వలేదు. బార్సిలోనా, డబ్లిన్ ట్రినిటీ, యూట్రెక్ట్, మాంపెల్లియే, ఎల్టే యూనివర్సిటీలు చార్మ్-ఈయూ పేరుతో 2021లో ఉమ్మడి మాస్టర్స్ మొదలుపెట్టినప్పుడు కూడా డిగ్రీ ఇచ్చే అధికారం ఆ ఐదింటిదే, కూటమిది కాదు.