ఇంకో పదిహేను కార్డులే కదా: లెటర్‌ప్రెస్ గురించి అపోహలు, వాస్తవాలు

"ఇంకో పదిహేనే కదండీ, అలా కొట్టేసి ఇవ్వలేరా?" లెటర్‌ప్రెస్‌లో, అంటే ఉబ్బెత్తు ప్లేటుకి ఇంకు పూసి కాగితం మీద అదిమే పద్ధతిలో, కార్డులు వేసే నాకు ఈ మాట వినకుండా నెల గడవదు. మొన్న కూడా ఒకావిడ ఫోన్ చేశారు. పెళ్లి కార్డులు లెక్కపెట్టి సరిగ్గా నూరే చేయించుకున్నారు, తీరా పంచేటప్పుడు కొందరు చుట్టాలకి చాల్లేదు. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. అందుకే ముందు ఈ సంగతే చెప్పాలి.

అపోహ: ప్లేటు ఎలాగూ ఉంది కాబట్టి మళ్లీ వేయడం తేలిక. సగం కార్డులైతే సగం ఖర్చు.

వాస్తవం: ప్లేటు ఉంటుంది. ఇంకేమీ ఉండదు. పని అయిన సాయంత్రమే రోలర్లు కడిగేస్తాను. మళ్లీ వేయాలంటే తూకం ప్రకారం ఇంకు కలపాలి, ప్లేటు అంటించాలి, రిజిస్టర్ (అచ్చు, రంగులు సరైన చోట పడేలా) కుదర్చాలి. ఒక మూల అచ్చు పలచగా పడుతుంటే ఆ చోట ప్యాకింగ్ (కార్డు వెనక ఉండే కాగితపు పొరలు) కింద టిష్యూ ముక్క అంటించాలి, ఎక్కువైతే పీకేసి ఇంకోటి చింపుకోవాలి. ఇంకు సరిపోయిందో లేదో నేను సగం చెవితోనే తేల్చుకుంటాను. ఎక్కువైతే రోలర్ల దగ్గర చప్పుడు తడితడిగా, జిగురుగా మారిపోతుంది. రెండో రంగుకి ఇదంతా మొదటి నుంచి. రెండు రంగుల కార్డుకి సెటప్‌కే మూడు గంటలు పోతాయి. అచ్చు కొట్టడమా? నూరు కార్డులకి ఒక్కో రంగు పావుగంట. అంటే మీరు యాభై తగ్గించుకుంటే మిగిలేది పావుగంట పని, కాస్త కాగితం. తర్వాత పదిహేను కావాలంటే మళ్లీ మూడు గంటలు. అందుకే మొదట్లోనే ఓ పాతిక ఎక్కువ చెప్పండి అని మొత్తుకుంటాను. బేరం పెంచుకోవడానికి అంటున్నానని అనుకుంటారు!

ఆవిడ విషయానికొస్తే, చెడిపోయేవాటి కోసం ఎప్పుడూ పదో వంతు కాగితం ఎక్కువ కోస్తాను. అందులో బాగా వచ్చిన ఆరు కార్డులు సొరుగులో దొరికాయి. మిగతావాళ్లని ఫోన్లో పిలవండి అన్నాను. నవ్వేశారు పాపం.

ఇక మిగతావి. అచ్చు కాగితంలోకి లోతుగా దిగితేనే అసలైన లెటర్‌ప్రెస్ అన్నది ఉత్తమాట. పాత ప్రెస్సుల్లో అది పనితనం లేకపోవడం కింద లెక్క. సీసపు అక్షరాలు అరిగిపోతాయని తాకీ తాకనట్టు వేసేవారు. నల్ల కాగితం మీద తెల్ల ఇంకు తెల్లగా రాదు, బూడిదరంగులోకి పోతుంది. వెండి ఇంకుతోనో ఫాయిల్‌తోనో సరిపెట్టుకోవాలి. కంప్యూటర్లో డిజైన్ చేస్తే లెటర్‌ప్రెస్ కాదనేవాళ్లూ ఉన్నారు. ఉబ్బెత్తు తలానికి ఇంకు పూసి కాగితాన్ని అదిమితే అది లెటర్‌ప్రెస్సే. అమెరికా, బ్రిటన్ లెక్కలో సీసపు అక్షరం దిమ్మ ఎత్తు, అడుగు నుంచి ముఖం దాకా, 0.918 అంగుళాలు. కంప్యూటర్ డిజైన్‌తో చేసిన ఫోటోపాలిమర్ (కాంతితో గట్టిపడే ప్లాస్టిక్) ప్లేటుని బేస్ దిమ్మ మీద అంటించి ఆ ఎత్తుకి తెస్తే మెషీన్‌కి తేడా తెలియదు.

ఇంకొకటి మాత్రం నాకు చిరాకు తెప్పిస్తుంది. ఫోన్లో ఎవరిదో బొమ్మ చూపించి "అచ్చం ఇలాగే వేసిపెట్టండి, వాళ్లెలాగూ మీకు పోటీయేగా" అంటారు. పోటీ ఏమిటి! ఒకసారి ఒకాయన కాకి బొమ్మ తెచ్చారు, లినోకట్, అంటే లినోలియం పలక మీద చేత్తో చెక్కి అచ్చువేసింది. చూడగానే ఎవరిదో తెలిసిపోయింది. ఈకల గీతలన్నీ చివర్లో ఒకే వైపుకి సన్నబడతాయి, అలా చెక్కే చెయ్యి నాకు తెలిసి ఒక్కటే. నాకు రాదు, ప్రయత్నించాను కూడా. చిరునామా ఇచ్చి ఆ బొమ్మ చెక్కినావిడ దగ్గరికే పంపాను. నెల తిరిగేసరికి ఆవిడ చెక్కిన కొత్త బ్లాకు అచ్చు కోసం నా బల్ల మీదికే వచ్చింది. ఎత్తు తక్కువగా ఉంటే అడుగున అట్టముక్కలు పేర్చి సరిచేశాను. మొదటి ప్రూఫ్‌లో (నమూనా అచ్చులో) తోక దగ్గర ఒక గీత పక్కకి జారినట్టు కనిపించింది. ప్లేటు అయితే మార్పించేవాడినే, ఇది ఒక్కటే బ్లాకు. భయపడుతూ ఫోన్ చేశాను. "అది తెలిసే వదిలేశానండీ, గాలి అటునుంచి వస్తోంది" అన్నారు.

ఆ ప్రూఫ్ ఇప్పటికీ మెషీన్ ఎదురుగా గోడకే ఉంది.