బల్బు మార్చే ముందు

కారు హెడ్‌లైట్‌లో వాడే హెచ్4 హాలోజెన్ బల్బును వెలుతురులో తిప్పి చూడండి. గాజును వేళ్లతో తాకకండి. చేతి జిడ్డు అంటిన చోట గాజు ఎక్కువగా వేడెక్కి బల్బు త్వరగా పోతుంది. లోపల రెండు ఫిలమెంట్లు కనిపిస్తాయి. వాటిలో ఒకదాని కింద, దోసిలి పట్టినట్టు, చిన్న లోహపు రేకు ఉంటుంది. నాకు హెడ్‌లైట్ మొత్తంలో అన్నిటికన్నా అందంగా అనిపించే భాగం అదే.

ఆ దోసిలి కిందికి పోయే కాంతిని ఆపేస్తుంది. అందువల్ల ఆ ఫిలమెంట్ ఇచ్చే లో బీమ్, అంటే కిందికి దించిన వెలుగు, వెనకుండే గిన్నెలాంటి అద్దం (రిఫ్లెక్టర్) పైసగానికే తగిలి, అక్కడి నుంచి రోడ్డు మీదికి దిగుతుంది. గోడకు ఎదురుగా కారు ఆపి లైటు వేస్తే పైన చీకటి, కింద వెలుగు, మధ్యలో గీసినట్టు ఒక హద్దు కనిపిస్తాయి. ఎదురు వాహనం నడిపేవారి కళ్లు ఆ హద్దుకు పైన ఉండాలి. దోసిలి అంచు ఒక పక్క 15 డిగ్రీలు వాలి ఉండటం వల్ల, రోడ్డు వార వైపు మాత్రం హద్దు కాస్త పైకి లేస్తుంది. నడిచి వెళ్లేవారు, సూచిక బోర్డులు మనకు కనిపించేది ఆ వాలు వల్లనే. ఫిలమెంట్ ఉండాల్సిన చోటు నుంచి మిల్లీమీటరులో కొద్ది భాగం జరిగినా ఈ అమరిక చెదిరిపోతుంది.

హాలోజెన్ కోసం చేసిన హెడ్‌లైట్‌లో ఎల్‌ఈడీ బల్బు బిగిస్తే జరిగేది ఇదే. ఫిలమెంట్ సన్నని తీగచుట్ట. ఎల్‌ఈడీ చిప్పులు ఒక పలకకు అటూ ఇటూ అతికి ఉంటాయి. రిఫ్లెక్టర్‌కు ఆ తేడా వెంటనే తెలిసిపోతుంది. కొంత వెలుగు హద్దు దాటి ఎదుటివారి కళ్లలోకి పోతుంది, కొంత మన బంపరు ముందే కుప్పపడుతుంది. దగ్గరి రోడ్డు తెల్లగా మెరిసేసరికి కంటిపాప కుంచించుకుపోయి దూరపు చీకటి మరింత చిక్కబడుతుంది. నడిపేవారికి మాత్రం బాగా కనిపిస్తున్నట్టే ఉంటుంది. నన్ను భయపెట్టేది ఈ భ్రమే. నీలి ఛాయ దీపాలదీ దాదాపు ఇదే కథ: నీలం పూత కాంతిలో కొంత భాగాన్ని మింగేస్తుంది, నీలి వెలుగు ఎదుటివారి కళ్లను ఎక్కువగా ఇబ్బంది పెడుతుంది.

మరి వెలుగు నిజంగా చాలకపోతే? ముందు పోగొట్టుకున్నది వెనక్కి తెచ్చుకోవాలి. హెడ్‌లైట్ ముందుండే పాలికార్బనేట్ ముఖం ఎండకు పసుపెక్కి మసకబారుతుంది. దాన్ని సన్నని నీటి గరుకు కాగితంతో దశలవారీగా రుద్ది, మెరుగు పెట్టి, ఆపైన అతినీలలోహిత కిరణాలను ఆపే పూత వేయాలి. పూత వేయకపోతే కొన్నాళ్లకే మళ్లీ పసుపు తిరుగుతుంది.

రెండో దొంగ వైరింగ్. హెచ్4 బల్బు లో బీమ్‌లో 13.2 వోల్టుల దగ్గర దాదాపు 1000 ల్యూమెన్ల (ల్యూమెన్ కాంతి కొలత) వెలుగు ఇస్తుంది. ఫిలమెంట్ కాంతి వోల్టేజీకి ఇంచుమించు 3.4వ ఘాతంలో మారుతుంది. పాత స్విచ్చులు, సన్న తీగలు, తుప్పు పట్టిన ఎర్త్ కలిసి 1.2 వోల్టులు తినేస్తే బల్బుకు 12 వోల్టులే చేరతాయి. కాంతిలో పావు వంతుకు పైగా పోతుంది. బ్యాటరీ నుంచి ఫ్యూజు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్చు), మందపాటి తీగలతో నేరుగా కరెంటు ఇస్తే అదే బల్బు మళ్లీ తన వెలుగు తాను ఇస్తుంది. దీనికి బదులు 90 వాట్ల బల్బు పెట్టేవారున్నారు. ఆ వేడికి కనెక్టరు కరిగిన కార్లు, రిఫ్లెక్టరు నల్లబడిన కార్లు మెకానిక్కులకు కొత్త కాదు. చాలా దేశాల్లో అది చట్టవిరుద్ధం కూడా.

మంచి బల్బు కొన్నా అంచనాలు అదుపులో ఉండాలి. రెట్టింపు దూరాన అదే వెలుగు పడాలంటే నాలుగు రెట్ల కాంతి కావాలి. ఒక దిశలో కాంతి 30 శాతం పెరిగితే చూపు అందే దూరం దాదాపు 14 శాతమే పెరుగుతుంది.

చట్టం హెడ్‌లైట్‌ను, అందులోని కాంతి మూలాన్ని జంటగా చూస్తుంది. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనలు పాటించే దేశాల్లో హెడ్‌లైట్ మీద వృత్తంలో ఇంగ్లిష్ ‘ఇ’ (E) అక్షరం, పక్కన ఆమోదం ఇచ్చిన దేశం సంఖ్య ఉంటాయి. ‘హెచ్‌సీఆర్’ (HCR) అని కనిపిస్తే హాలోజెన్‌తో లో బీమ్, హై బీమ్ రెండింటికీ ఆమోదం ఉన్నట్టు. అందులో జినాన్ (ఫిలమెంట్ లేకుండా వాయువులో విద్యుత్తు పోనిచ్చి వెలిగించే దీపం) దూర్చితే ఆ ఆమోదం చెల్లదు. 35 వాట్ల డీ2ఎస్ జినాన్ దీపం 3200 ల్యూమెన్లు ఇస్తుంది. అంత వెలుగు మోసే హెడ్‌లైట్‌కు ఎత్తును తానే సర్దుకునే యంత్రాంగం, లెన్స్ కడిగే ఏర్పాటు కూడా ఉండాలని యూరప్ నియమం పెట్టింది. 2020లో జర్మనీ ఎల్‌ఈడీ బల్బులకు దారి ఇచ్చినప్పుడు కూడా పరీక్షలో నెగ్గిన ఫలానా బల్బును, ఫలానా కారు నమూనాలోనే అనుమతించింది. కాబట్టి ఎల్‌ఈడీయే కావాలనుకుంటే, ఆ కాంతి కోసమే రూపొంది మీ కారుకు ఆమోదం పొందిన పూర్తి హెడ్‌లైట్‌ను తీసుకోవడం మేలు.

ఏది మార్చినా చివరికి గోడ ముందుకు రావాల్సిందే. సమతలం మీద, టైర్లలో సరైన గాలితో, గోడకు 10 మీటర్ల దూరంలో కారు నిలపండి. దీపం మధ్యభాగం ఎత్తును గోడ మీద గుర్తించండి. చాలా కార్లకు వెలుగు కిందికి దిగాల్సిన వాలు 1 శాతం. మీ కారు వాలు ఎంతో హెడ్‌లైట్ మీదో దగ్గరలోనో అచ్చై ఉంటుంది. 1 శాతమైతే వెలుగు హద్దు గుర్తుకు 10 సెంటీమీటర్లు కింద ఉండాలి. దీపం ఎత్తు 65 సెంటీమీటర్లయితే ఆ హద్దు సుమారు 65 మీటర్ల దగ్గర రోడ్డును తాకుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో తేరుకుని బ్రేకు వేసి ఆగడానికి, పొడి రోడ్డు మీద, పట్టేది కూడా దాదాపు అంత దూరమే.