మండువా రాయి మీద గుంటలు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న వీడియో కాల్‌లో "తాతయ్యా, ఇంటి మధ్యలో కప్పు లేకపోతే వాన పడదా?" అని అడిగారు కదా. పడుతుందర్రా. పడాలనే అలా కట్టారు.

కోనసీమలో మన పాత ఇల్లు మండువా లోగిలి. చుట్టూ గదులు, నడుమ ఆకాశం. ఆ నడిమి జాగాయే మండువా, వసారా కంటే జానెడు పల్లంగా ఉండేది. పెంకుల కప్పు నాలుగు వైపుల నుంచీ లోపలికి వాలేది. వాన నీళ్లు మండువాలో పడి, మూలనున్న తూములోంచి పెరట్లో కొబ్బరి పాదులకు పోయేవి. పెంకుల మీది దుమ్మంతా కొట్టుకుపోయాక మా అమ్మ చూరు కింద గంగాళం పెట్టేది. ఆ నీళ్లలో కందిపప్పు ఇట్టే ఉడికేది.

ఎండాకాలంలో వేడిగాలి మండువాలోంచి పైకి పోయేది, ఆ చోటులోకి గుమ్మాల్లోంచి చల్లగాలి వచ్చేది. వీధి గుమ్మం, పెరటి గుమ్మం ఒకే వరస. వీధి అరుగు మీద నుంచి చూస్తే పెరట్లో తులసికోట కనిపించేది. గోడలు రెండడుగుల మందం. సున్నం, ఇసుక గానుగలో వేసి ఎడ్లతో నూరించి, బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపి కట్టారు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువ నీళ్లతో మన పొలాల్లో వరి నిలకడగా పండింది. మా ముత్తాతగారికి ఇల్లు కట్టే స్తోమత ఆ నీళ్లతోనే వచ్చింది. టేకు దుంగలు పై అడవుల నుంచి తెప్పలుగా గోదావరి మీదే దిగేవి.

మరి ఎందుకు పడగొట్టారంటారా? వాటాలు. గదులు పంచుకోవచ్చు, మండువా ఎవరికి ఇస్తాం? మధ్యలో గోడ కడితే నీళ్లు ఎటు పోతాయి, గాలి ఎటు వస్తుంది? తేలక అమ్మేశాం. సంతకం నేనూ పెట్టాను. ఆ బాధ ఇప్పటికీ తగ్గలేదు.

కలప కొన్నవాళ్లు విప్పుతుంటే దగ్గరే నిలబడ్డాను. స్తంభం కొసను నాలుకలా చెక్కి, దూలానికి తొలిచిన బెజ్జంలో దూర్చి, అడ్డంగా ఒక చెక్క మేకు కొట్టారు. ఇనుప మేకు ఒక్కటీ లేదు. సుత్తితో రెండు దెబ్బలు వేస్తే ఆ చెక్క మేకు ఊడి వచ్చింది. లోపలి టేకు ఇంకా పసుపుపచ్చగానే ఉంది.

మీ బాల్కనీలో కుండీల కింద ఉన్న నల్లరాయి మండువా గట్టుదే. కుండీలు పక్కకి జరపండి. వరసగా చిన్న గుంటలు కనిపిస్తాయి. అవి చూరు నీళ్లు చేసినవి. స్కేలు పెట్టి గుంటకూ గుంటకూ మధ్య ఎంతుందో కొలిచి చెప్పండి. మన పెంకు వెడల్పు అంతే.