టాల్బాట్ పేటెంటు: ఫోటో తీయడానికి అనుమతి అడగాల్సిన రోజులు

1852 జూలైలో బ్రిటన్ శాస్త్రవేత్తల సంఘమైన రాయల్ సొసైటీ అధ్యక్షుడు లార్డ్ రాస్, చిత్రకారుల సంస్థ అయిన రాయల్ అకాడమీ అధ్యక్షుడు చార్లెస్ ఈస్ట్‌లేక్ కలిసి, కాగితంపై ఫోటో తీసే పద్ధతిని కనిపెట్టిన విలియం హెన్రీ ఫాక్స్ టాల్బాట్‌కు ఉత్తరం రాశారు. ఫోటోగ్రఫీపై పేటెంటు పట్టు సడలించమని అందులో కోరారు. అంత పెద్దవాళ్లు ఒక్క మనిషిని అడగాల్సి రావడం వెనక పదకొండేళ్ల గొడవ ఉంది.

1841 ఫిబ్రవరిలో టాల్బాట్ తన కాలోటైప్ పద్ధతికి ఇంగ్లండులో పేటెంటు తీసుకున్నారు. సిల్వర్ అయొడైడ్ పట్టించిన కాగితానికి, వాడేముందు గాలిక్ ఆమ్లం కలిపిన సిల్వర్ నైట్రేట్ పూసి కెమెరాలో పెడతారు. బయటికి తీశాక కాగితం ఖాళీగానే కనిపించవచ్చు. అదే ద్రావణం మళ్లీ పూస్తే బొమ్మ మెల్లగా తేలుతుంది. ఆ నెగటివ్ నుంచి ఎన్ని ప్రింట్లయినా వేసుకోవచ్చు. ఫ్రాన్సులో డాగేర్ కనిపెట్టిన, ఒక్క ప్రతితో సరిపెట్టుకోవాల్సిన డాగెరోటైప్ పద్ధతికి లేని సౌకర్యమిది.

కానీ దీన్ని వృత్తిగా చేయాలంటే లైసెన్సు కావాలి. లండన్‌లో హెన్రీ కాలెన్ అనే చిత్రకారుడు మొదట తీసుకున్నారు, తర్వాత వచ్చినవాళ్లు కొద్దిమందే. స్కాట్లండులో ఈ పేటెంటు లేదు. అక్కడ 1843 నుంచి ఎడిన్‌బరోలో డేవిడ్ ఆక్టేవియస్ హిల్, రాబర్ట్ ఆడమ్‌సన్ ఎవరినీ అడగకుండా మతగురువులనూ న్యూహేవెన్ జాలరులనూ ఫోటోలు తీశారు. కాలోటైప్‌లో అంత గొప్ప పని ఇంకెక్కడా జరగలేదని నా అభిప్రాయం. అనుమతి అడ్డు లేకపోతే ఏం జరిగేదో చెప్పడానికి అంతకన్నా రుజువు అక్కర్లేదు.

టాల్బాట్ వైపూ న్యాయం లేకపోలేదు. డాగేర్‌కు ఫ్రాన్సు ప్రభుత్వం జీవితాంతం పింఛను ఇచ్చింది. టాల్బాట్‌కు సొంత ప్రభుత్వం నుంచి అలాంటిదేమీ దక్కలేదు. పెట్టిన ఖర్చు రాబట్టుకోవాలనుకోవడం తప్పు కాదు.

అసలు చిక్కు 1851లో వచ్చింది. ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ గాజు పలకపై కొలోడియన్ అనే జిగట ద్రావణం పూసి ఫోటో తీసే పద్ధతిని పేటెంటు లేకుండా అందరికీ ప్రకటించారు. అదీ తన పేటెంటు కిందికే వస్తుందని టాల్బాట్ పట్టుబట్టారు. తన కాగితం ముట్టనివాళ్లు కూడా తన అనుమతి తీసుకోవాలనడం నాకు మాత్రం అన్యాయంగానే తోస్తుంది.

రాస్, ఈస్ట్‌లేక్‌ల ఉత్తరంతో ఆయన కొంత దిగివచ్చారు. అమ్మకానికి తీసే పోర్ట్రెయిట్లు తప్ప మిగతావన్నీ వదిలేశారు. ఆ మిగిలిన హక్కు కోసమే మార్టిన్ లరోష్ అనే స్టూడియో యజమానిపై కోర్టుకెళ్లారు. 1854 డిసెంబరులో జ్యూరీ, కాలోటైప్ కనిపెట్టింది టాల్బాటే, కానీ కొలోడియన్ వాడిన లరోష్ ఆయన పేటెంటును ఉల్లంఘించలేదు అని తేల్చింది. మరుసటి ఏడాది పేటెంటు గడువు ముగిసింది. టాల్బాట్ దాన్ని పొడిగించుకోలేదు.

పేటెంటు తీసుకోని ఆర్చర్ 1857లో పేదరికంలో చనిపోయారు. ఆయన కుటుంబం కోసం చందాలు పోగుచేయాల్సి వచ్చింది.