పార్కు దగ్గరుంటే చాలా? నడకపై అపోహలు - వాస్తవాలు

పట్టణ ప్రణాళికలో పనిచేసే నాకు సమావేశాల్లో పదేపదే వినిపించే మాటలివి.

అపోహ: ఇంటికి 300 మీటర్లలో పార్కు ఉంటే ఆ పేట నడకకు అనుకూలమే.

ఈ కొలత ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం సూచించింది: 300 మీటర్లలోపు కనీసం అర హెక్టారు నుంచి హెక్టారు పచ్చని చోటు. అయితే అది మ్యాపు మీద గీత గీసి కొలిచే దూరం. మనిషి నడవాల్సింది గేటు దాకా. హైదరాబాద్‌లోని కేబీఆర్ పార్కునే తీసుకోండి. 1998లో జాతీయ ఉద్యానమైంది. నెమళ్లు తిరిగే అడవి కాబట్టి చుట్టూ కంచె ఉండాల్సిందే, దాన్ని తప్పుపట్టను. కానీ ఎదుటి మేడ మీద నుంచి చెట్లు కనిపిస్తున్నా, మధ్యలో వాహనాలు ఆగని రోడ్డు, ఆ తర్వాత గేటు దాకా చుట్టుదారి. పొద్దున నడకకు కారులో వచ్చేవాళ్లు అంతమంది ఉండటానికి ఇదొక కారణం. చెట్లు కళ్లెదుటే ఉన్నా "ఇక్కడ నడవలేం" అనే అభిప్రాయం అలాంటి దారుల్లోనే స్థిరపడుతుంది.

అపోహ: నడవలేమనడం బద్ధకం.

ఇది వింటే నాకు కోపం వస్తుంది. రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల ప్రకారం ఫుట్‌పాత్‌పై అడ్డంకులు లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి, రోడ్డు నుంచి దాని అంచు ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదు. మన వీధుల్లో ఒకచోట ట్రాన్స్‌ఫార్మర్, పది అడుగుల తర్వాత ఎవరింటి కారు ర్యాంపో. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ ప్రతిసారీ ఎక్కి దిగలేక రోడ్డు మీదే నడుస్తుంది. సాయంత్రం పార్కు గోడ వెంట దీపం లేకపోతే ఆడపిల్లలు ఆ దారే మానేస్తారు. వాళ్ల అభిప్రాయం మాకు కొలతంత విలువైన సమాచారం.

అపోహ: పార్కు ఎంత పెద్దదైతే అంత మేలు.

పాలకూ బస్‌స్టాపుకూ రోజూ వెళ్లే వీధిలో నాలుగు కానుగ చెట్ల నీడ ఉంటే, మే నెలలో ఆ నడక ఎంత తేలికవుతుందో నడిచేవాళ్లకు తెలుసు. దూరపు పార్కు ఆ పని చేయలేదు.

అపోహ: చెట్లు ఫుట్‌పాత్‌ను ఇరుకు చేస్తాయి.

చెట్లూ స్తంభాలూ రోడ్డు వైపు విడి పట్టీలో ఉండాలి, నడక పట్టీ వేరుగా ఉండాలి. మొదలు దాకా సిమెంటు పోసి ఊపిరాడకుండా చేస్తే వేళ్లు పలకలను పైకి లేపుతాయి. అది చెట్టు తప్పు కాదు.

మీ కాలనీ పార్కుకు ఒకటే గేటు ఉంటే, వెనక వీధి వైపు రెండోది తెరవమని వార్డు కార్యాలయంలో అర్జీ ఇవ్వండి. దానితోపాటే అక్కడ రోడ్డు దాటేందుకు జీబ్రా గీతలు, వీధి దీపం అడగండి.