ప్యాంట్రీలో బియ్యం తీసుకుంటే గ్రీన్‌కార్డు పోదు: కొన్ని అపోహలు - వాస్తవాలు

అమెరికాలోని సెంట్రల్ న్యూజెర్సీలో ఒక ఇంటర్‌ఫెయిత్ ఫుడ్ ప్యాంట్రీలో, అంటే పలు మతాలవాళ్లు కలిసి ఉచితంగా సరుకులు పంచే చోట, వచ్చినవాళ్ల వివరాలు రాసుకునే ఇన్‌టేక్ టేబుల్ దగ్గర కూర్చుంటాను. హాలు చర్చి వాళ్లది. పెద్ద ఫ్రిజ్‌లు యూదుల సినగాగ్ వాళ్లు కొనిచ్చారు. హలాల్ చికెన్ మసీదు నుంచి వస్తుంది. బియ్యం, కందిపప్పు, గోధుమపిండి గుడి నుంచీ గురుద్వారా నుంచీ వస్తాయి. ఇన్ని చేతులు కలిస్తేగానీ శనివారం తలుపులు తెరుచుకోవు.

ఈ మధ్య మన తెలుగువాళ్లూ వస్తున్నారు. లేఆఫ్ అయినవాళ్లు, ఎమ్మెస్ చదువుతూ అద్దె కట్టడానికి సతమతమయ్యే పిల్లలు. కానీ వచ్చేవాళ్ల కన్నా రాకుండా ఆగిపోయేవాళ్లే ఎక్కువ. వచ్చినవాళ్లు కూడా కుర్చీలో కూర్చోకముందే ఒకటే అడుగుతారు: "ఇది తీసుకుంటే మా గ్రీన్‌కార్డుకు ఏమైనా అవుతుందా?"

మిగతా అపోహల సంగతి తర్వాత చూద్దాం. ముందు దీన్ని తేల్చాలి, ఎందుకంటే దీనివల్ల పిల్లలు సరిగ్గా తినడం లేదు.

అపోహ: ప్యాంట్రీలో సరుకులు తీసుకుంటే "పబ్లిక్ చార్జ్" కింద రాసేస్తారు, గ్రీన్‌కార్డు రాదు.

పబ్లిక్ చార్జ్ అనే నిబంధన నిజమే. గ్రీన్‌కార్డు అప్లికేషన్ చూసే అధికారి, ఈ మనిషి ముందుముందు ప్రభుత్వ సాయం మీదే ఆధారపడి బతుకుతాడా అని అంచనా వేస్తాడు. సాయం విషయంలో అక్కడ చూసేది ప్రభుత్వం నుంచి అందినదాన్ని. చర్చి, మసీదు, గుడి, సినగాగ్ కలిసి నడిపే ప్యాంట్రీలో పొరుగువాడు తెచ్చిపెట్టిన బియ్యం సంచి ప్రభుత్వ సాయం ఎలా అవుతుంది?

2022 డిసెంబరు 23 నుంచి అమల్లోకి వచ్చిన రూల్‌లో లెక్కలోకి తీసుకున్నవి ప్రధానంగా రెండే. ఒకటి, నెలనెలా బతుకు గడవడానికి ప్రభుత్వం ఇచ్చే నగదు, అంటే ఎస్సెస్సై, టాన్ఫ్ లాంటివి. రెండోది, ప్రభుత్వ ఖర్చుతో దీర్ఘకాలం నర్సింగ్ హోమ్ లాంటి సంస్థలో ఉండటం. దానికి ముందు 2019లో తెచ్చిన రూల్ చాలా కఠినమైనది. 2020 ఫిబ్రవరి నుంచి 2021 మార్చి దాకా అమలైంది. తిండి సరుకులు కొనుక్కోవడానికి ప్రభుత్వం ఇచ్చే ఫుడ్ స్టాంప్స్, తక్కువ ఆదాయం వాళ్ల వైద్యానికిచ్చే మెడికెయిడ్‌లో చాలా భాగం, ఇంటి అద్దె సాయం కూడా అందులో చేర్చారు. వాట్సాప్‌లో ఇప్పటికీ తిరుగుతున్న భయమంతా ఆ రూల్‌తో వచ్చిందే. అంత కఠినమైన రూల్‌లో కూడా ఫుడ్ ప్యాంట్రీ లేదు. గర్భిణులకూ పసిపిల్లలకూ ఇచ్చే విక్ లేదు. స్కూల్లో పిల్లల ఉచిత భోజనం కూడా లేదు.

2022 రూల్‌ను ఎత్తేయాలని 2025 నవంబరులో ప్రభుత్వం ప్రతిపాదించింది. కాబట్టి ప్రభుత్వ పథకం దేనికైనా అప్లై చేసే ముందు మీ ఇమిగ్రేషన్ లాయర్‌ను అడగండి. లాయర్‌నే అడగండి, గ్రూపులో "మా ఫ్రెండ్ లాయర్ చెప్పాడట" అని ఫార్వర్డ్ చేసేవాళ్లను కాదు. ఆ ఫ్రెండ్ ఎవరో, ఏ లాయరో, ఏ కేసో ఎవరికీ తెలియదు. ఆ ఒక్క మెసేజ్ వల్ల ఎన్ని ఇళ్లలో పాల డబ్బా తెచ్చుకోవడం మానేశారో మాత్రం మాకు తెలుసు. ఫార్వర్డ్ చేసేవాళ్లకు ఒక్క నిమిషం పని. దాన్ని నమ్మినవాళ్లకు అది నెలల తరబడి అర్ధాకలి.

ఒకమ్మాయి సంగతి చెబుతాను. భర్త హెచ్-1బీ. ఉద్యోగం పోయింది, కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి ఉండే అరవై రోజుల గ్రేస్ పీరియడ్ నడుస్తోంది. మూడేళ్ల పాప. మొదటిసారి వచ్చినప్పుడు కారు దిగకుండా పార్కింగ్ లాట్ నుంచే వెనక్కి వెళ్లిపోయారట, తర్వాత తనే చెప్పింది. రెండోసారి తను ఒక్కతే లోపలికి వచ్చింది. నేను తెలుగులో పలకరించగానే కళ్లనీళ్లు పెట్టుకుంది. ఫారం చూసి, "అక్కా, నా పేరు రాయకుండా ఇవ్వగలరా?" అంది.

ఆ ఫారం ఒక్క పేజీ. తనతోనే పైకి చదివించాను. పేరు, ఇంట్లో ఎంతమంది, వాళ్ల వయసులు, జిప్ కోడ్, ఎలర్జీలు. అంతే. వీసా గడి లేదు, సోషల్ సెక్యూరిటీ నంబర్ లేదు, పాస్‌పోర్ట్ లేదు. నెలాఖరుకు మేం, ప్యాంట్రీలకు సరుకు పంపే ఫుడ్ బ్యాంక్‌కు పంపేది ఎన్ని కుటుంబాలు, ఎంతమంది మనుషులు అన్న అంకెలే. మీ స్టేటస్ మేం అడగం. అడగనిది మా దగ్గర ఉండదు, లేనిదాన్ని ఎవరికీ ఇవ్వలేం. లాభాపేక్ష లేని సేవా సంస్థలు సాయం చేసే ముందు మనిషి ఇమిగ్రేషన్ స్టేటస్ తనిఖీ చేయనక్కర్లేదని 1996 నాటి ఫెడరల్ చట్టంలోనే ఉంది.

కింద ఇంకో చిన్న భాగం ఉంటుంది, అదే ఆ అమ్మాయిని ఎక్కువ భయపెట్టింది. మా అరల్లో కొన్ని సరుకులు అమెరికా వ్యవసాయ శాఖ కొని ఫుడ్ బ్యాంక్ ద్వారా పంపేవి. వాటికి మాత్రం "మా ఆదాయం ఈ పరిమితి లోపే ఉంది" అని మీరే సంతకం పెట్టాలి. పే స్టబ్ చూపించమని అడగం. ఈ సరుకు కూడా 2019 రూల్‌లో లేదు, 2022 రూల్‌లో లేదు. అయినా మనసు ఒప్పకపోతే సంతకం పెట్టకండి. ఆ అర వదిలేసి, భక్తులు ఇచ్చిన సరుకులోంచే మీ బ్యాగు సర్దిస్తాం. ఆ అమ్మాయికి అలాగే ఇచ్చాం. బియ్యం, పప్పు, పాలు, గుడ్లు, పాపకు యాపిల్స్. ఈ వెసులుబాటు ఉందని తెలియక వెనక్కి వెళ్లిపోయేవాళ్లను తలుచుకుంటే బాధేస్తుంది.

మన సాఫ్ట్‌వేర్ కుటుంబాల్లో చాలామంది ఫుడ్ స్టాంప్స్‌నూ ప్యాంట్రీనీ ఒకటే అనుకుంటారు. హెచ్-1బీ వాళ్లకు, హెచ్-4 మీద ఉండే వాళ్ల కుటుంబాలకు, ఎఫ్-1 స్టూడెంట్లకు ఫుడ్ స్టాంప్స్ అసలు రావు. మీకు రాని పథకం గురించి భయపడి, మీకు రాగలిగిన సాయం వదులుకోకండి. ఎఫ్-1 పిల్లలకు ప్రత్యేకంగా చెబుతున్నా. నలుగురు రూమ్మేట్లు అన్నం, ఆవకాయతో వారాలు గడిపేసి, చివరికి ఒకడు కళ్లు తిరిగి పడిపోయాక వచ్చారు. "అమ్మకు చెప్పొద్దు ఆంటీ" అన్నారు. నేనెవరికీ చెప్పను. కానీ పడిపోయేదాకా ఆగకండి. చాలా యూనివర్సిటీల్లో క్యాంపస్‌లోనే ప్యాంట్రీ ఉంటుంది, ముందు అక్కడ అడగండి.

అపోహ: ఇవన్నీ మతం మార్చడానికే.

ఈ భయం అన్ని వైపుల నుంచీ వస్తుంది. మనవాళ్లు చర్చి హాలంటే వెనకాడతారు, కొందరు క్రైస్తవులు గుడి నుంచి వచ్చిన పప్పు ప్రసాదమేమో అని అడుగుతారు, కొందరు ముస్లింలకు మాంసం విషయంలో అనుమానం. భయపడటంలో తప్పు లేదు, అడగండి. ప్రభుత్వ సరుకు పంచే ఏ చోటైనా ప్రార్థనలో పాల్గొంటేనే సరుకిస్తామనడం నిబంధనలకు విరుద్ధం. ప్రార్థన ఉంటే అది వేరే సమయంలోనో వేరే చోటో జరగాలి, ఎవరి ఇష్టం వాళ్లది. పూర్తిగా సొంత విరాళాలతో నడిచే కొన్ని చోట్ల ముందు ప్రార్థన చేస్తారు, కరపత్రాలు ఇస్తారు. అది నిజమే, దాచాల్సిన పని లేదు. మీకు ఇష్టం లేకపోతే "వద్దండీ" అని మర్యాదగా చెప్పి, వేరే ప్యాంట్రీకి వెళ్లండి.

నాలుగైదు మతాలవాళ్లు కలిసి నడిపే చోట ఒకరి మతాన్ని ఇంకొకరి మీద రుద్దడం అసలు కుదరదు. మా మీటింగుల్లో దేవుడి గురించి చర్చే రాదు. ఫ్రీజర్‌లో చోటు, వ్యాన్ డ్రైవర్, వచ్చే వారం ఎవరొస్తారు, ఇవే. డిసెంబరు 25న చర్చి వాళ్లు ఇళ్లలో ఉంటారు కాబట్టి ఆ రోజు యూదులూ ముస్లింలూ మేమూ నడుపుతాం. రంజాన్ పండగ రోజు, దీపావళి రోజు మిగతావాళ్లు మా పని అందుకుంటారు. సంవత్సరంలో ఎవరి పండగకూ తాళం వేయక్కర్లేదు.

ఈ పద్ధతి న్యూజెర్సీకి కొత్తేమీ కాదు. ఇప్పుడు దేశమంతా ఫ్యామిలీ ప్రామిస్ అని పిలిచే సంస్థ ఇక్కడే, యూనియన్ కౌంటీలో 1986లో ఇంటర్‌ఫెయిత్ హాస్పిటాలిటీ నెట్‌వర్క్ అన్న పేరుతో మొదలైంది. మొదలుపెట్టింది కారెన్ ఓల్సన్. ఇల్లు పోగొట్టుకున్న కుటుంబాలను ఒక వారం ఒక చర్చి, తర్వాతి వారం ఒక సినగాగ్ తమ భవనంలోనే పడుకోబెట్టి భోజనం పెట్టేవి. ఏ ఒక్కరూ ఏడాదంతా మోయలేని బరువును వారాలుగా పంచుకున్నారు. ఒక్కో ప్రార్థనాలయానికి ఏడాదిలో కొన్ని వారాలే వంతు వచ్చేది. కొవిడ్ తర్వాత చాలా చోట్ల కుటుంబాలను వారం వారం తిప్పడం మానేసి ఒకే చోట ఉంచుతున్నారు. వంతులు వేసుకునే ఆ లెక్కతోనే మేం ఇప్పటికీ శనివారాలు పంచుకుంటున్నాం.

మతాలు కలిసి పనిచేస్తే ఎంత పనికొచ్చే జ్ఞానం దొరుకుతుందో లేబుళ్ల దగ్గర చూశాను. శాకాహారులకు ప్యాంట్రీలో దొరికేది తక్కువ అనుకుంటారు గానీ అసలు ప్రమాదం తెలియకుండా తినేయడం. రిఫ్రైడ్ బీన్స్ డబ్బాలో పందికొవ్వు ఉండొచ్చు. రైస్ మిక్స్ ప్యాకెట్లో చికెన్ బ్రాత్ ఉండొచ్చు. పిల్లలకిచ్చే మార్ష్‌మాలోలో జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్. మా దగ్గర ఒక యూదు పెద్దావిడ ఉంది, కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి ప్రతి డబ్బా వెనక అక్షరాలు చదువుతుంది. వృత్తంలో యూ అంటే కోషర్, అంటే యూదుల ఆహార నియమాలకు సరిపోయేదన్న గుర్తు; దాని పక్కన డి ఉంటే పాల పదార్థం, అంటే అందులో మాంసం కలవదని ఆవిడే నాకు నేర్పింది. చేప, గుడ్డు ఉండే వీలుంది కాబట్టి అవి మళ్లీ విడిగా చూడాలి. ఆవిడ కోషర్ కోసం వేరు చేసిన డబ్బాల్లోంచే నేను మన శాకాహార అర సర్దుతాను, మసీదు నుంచి వచ్చే కుర్రాడు పందికొవ్వు, జెలటిన్ ఉన్నవి తీసి పక్కన పెడతాడు. మూడు మతాల నియమాలు ఒకే లేబుల్ మీద కలుస్తాయి. మాంసం తినని మన మామ్మగారు వచ్చినప్పుడు, ఆ బ్యాగు నమ్మకంగా ఆవిడ చేతిలో పెట్టగలను.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

"మేం తీసుకుంటే నిజమైన పేదవాళ్ల వాటా పోతుంది." పోదు. కూరగాయలు, పాలు, బ్రెడ్ ఆ రోజే పంచకపోతే పాడవుతాయి. ఆదాయం ఆగిపోయిన ఇల్లు ఎవరిదైనా అవసరంలో ఉన్న ఇల్లే, నిన్నటి జీతం ఎంతైనా సరే.

"డేట్ అయిపోయిన సరుకు అంటగడతారు." డబ్బాల మీద ఉండే బెస్ట్ బై తేదీ ఎక్కువగా రుచికీ నాణ్యతకీ సంబంధించింది. పసిపిల్లల ఫార్ములా వేరు, దాని తేదీ దాటితే మేం పారేస్తాం.

"హెచ్-4 వాళ్లు, స్టూడెంట్లు వాలంటీర్ చేస్తే వీసా సమస్య." జీతం గానీ ప్రతిఫలం గానీ లేకుండా, మామూలుగా ఎవరైనా ఉచితంగానే చేసే సేవ లాభాపేక్ష లేని సంస్థలో చేస్తే సమస్య లేదు. డబ్బిచ్చి చేయించుకునే ఉద్యోగాన్ని "వాలంటీర్" అని పేరు పెట్టి చేయించే చోట మాత్రం జాగ్రత్త.

"ఇంట్లో పులిహోర చేసి తెస్తే పంచుతారు కదా." మంచి మనసుతో అడుగుతారని తెలుసు, కానీ తీసుకోలేం. హెల్త్ డిపార్ట్‌మెంట్ పర్మిట్ ఉన్న వంటింట్లో వండింది కావాలి. ఆ డబ్బుతో చింతపండు, పప్పు, నూనె సీల్ తీయని ప్యాకెట్లు తెండి, లేదా నగదే ఇవ్వండి. ఫుడ్ బ్యాంకులు టోకున కొంటాయి కాబట్టి అదే డబ్బుకు మనం షాపులో కొనేదానికన్నా ఎక్కువ సరుకు వస్తుంది.

"తెలిసినవాళ్లు చూస్తే పరువు పోతుంది." ఈ టెన్షన్ నాకు అర్థమవుతుంది. టేబుల్ అవతల మీ పక్క అపార్ట్‌మెంట్ ఆవిడే ఉండొచ్చు. మా వాలంటీర్లందరూ ఇక్కడ చూసింది బయట చెప్పబోమని సంతకం పెట్టినవాళ్లే. అయినా ఇబ్బందిగా ఉంటే మీ తరఫున ఇంకొకరిని పంపండి, లేదా ముందే ఫోన్ చేస్తే బ్యాగు సర్ది ఉంచుతాం. కారు డిక్కీ తెరిస్తే లోపల పెట్టేస్తాం, మీరు దిగక్కర్లేదు.

మీ దగ్గర ప్యాంట్రీ ఎక్కడుందో తెలియకపోతే 211కు ఫోన్ చేసి జిప్ కోడ్ చెప్పండి. సమయం, ఏ ఐడీ అడుగుతారు, శాకాహారం ఉంటుందా అన్నవి ముందే కనుక్కోండి, ఒక్కో చోట ఒక్కో పద్ధతి. మా దగ్గరికి వస్తే గట్టి సంచులు రెండు తెచ్చుకోండి. పది పౌండ్ల బియ్యానికి మా కాగితం సంచులు ఆగవు.